ఇ-లెమ్, ఇల్-జెమ్: ఫ్రెంచి క్రియలను చెవితో నేర్చుకున్న నా అనుభవం

రెండు చప్పట్లు కొట్టాల్సిన చోట నేను నాలుగు కొట్టాను.

దక్షిణ ఫ్రాన్సులోని తులూజ్‌లో మా పేట సంఘం వాళ్లు సాయంత్రాలు నడిపే ఫ్రెంచి తరగతిలో, 2019 జనవరిలో జరిగిందిది. మాకు పాఠం చెప్పే ఆవిడ ఉత్తరాన లీల్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ప్రాథమిక పాఠశాలలో ఏళ్ల తరబడి పని చేసి రిటైరయ్యారు. 'వాళ్లు మాట్లాడతారు' అన్న వాక్యం బోర్డు మీద ఫ్రెంచిలో రాసి, చిన్నపిల్లలకు చేయించినట్టే మాచేత చప్పట్లు కొట్టించారు. నోట్లో ఎన్ని ముక్కలుగా పలుకుతామో అన్ని చప్పట్లు. నేను "ఇల్స్-పార్-లెం-టు" అని నాలుగు కొట్టాను. పక్కన కూర్చున్న పోర్చుగీసు అబ్బాయి మూడు కొట్టాడు. ఆవిడ మా ఇద్దరి వైపూ చూసి నెమ్మదిగా రెండే కొట్టారు. "ఇల్-పర్ల్." అంతే.

నేను అప్పటికే ఆరు నెలలుగా ఫ్రెంచి చదువుతున్నాను. మా ఆయనకు విమానాల కంపెనీలో ఉద్యోగం రాగానే కాకినాడలో ఉండగానే మొదలుపెట్టాను. క్రియల పట్టికలు ఎక్కాల్లా బట్టీ పట్టాను. పరీక్ష పెడితే ఒక్క అక్షరం తప్పకుండా రాసేదాన్ని. కానీ తులూజ్‌లో దిగాక నేను మాట్లాడితే వాళ్లకు అర్థం కాలేదు, వాళ్లు మాట్లాడితే నాకు అర్థం కాలేదు. నేను నేర్చుకున్నది కంటి భాష, వాళ్లది చెవి భాష. ఆ చప్పట్ల రోజున అది మొదటిసారి అర్థమైంది.

'మాట్లాడు' అనే క్రియనే తీసుకుంటాను. అక్షరాలను ఇంగ్లీషు పేర్లతో చెబుతాను, మనకు అవే అలవాటు. నేను అన్నప్పుడు చివర 'ఇ', నువ్వు అన్నప్పుడు 'ఇ-ఎస్', అతను అంటే మళ్లీ 'ఇ', వాళ్లు అంటే 'ఇ-ఎన్-టి'. కాగితం మీద మూడు రకాలు. నోట్లో నాలుగూ ఒక్కటే, "పర్ల్". ఆ చివరి అక్షరాలేవీ పలకవు. 'మేము' అనడానికి రోజువారీ మాటల్లో ఎక్కువగా "ఓఁ" అనే సర్వనామం వాడతారు, దానికీ "పర్ల్" అనే వస్తుంది. ఇక మిగిలేవి రెండు: ఇంకో రకం 'మేము'కు "పర్-లోఁ", 'మీరు'కు "పర్-లే". (ఇక్కడ అరసున్న కావాలనే పెడుతున్నాను. మనం రాయడం మానేసిన ఆ గుర్తు ఫ్రెంచి ముక్కు అచ్చుల కోసమే పుట్టిందా అన్నట్టు సరిపోతుంది. నిండు సున్న పెట్టి "లోం" అంటే పెదవులు మూసుకుపోతాయి. ఫ్రెంచిలో పెదవులు మూసుకోకూడదు.)

నా తప్పు ఎక్కడుందో ఆవిడ రెండో తరగతిలోనే పట్టేశారు. మనది అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష. మాట హల్లుతో ఆగిపోతే మన నోటికి తోచదు, ఒక 'ఉ' తగిలించి దింపుతాం. బస్సు, కారు, రోడ్డు. నేను "పర్ల్" అన్నప్పుడల్లా "పర్లు" అని వినిపించేదట. హైదరాబాదులో నిజాం కొలువులో ఉన్న మస్యో రేమోఁ అనే ఫ్రెంచి సేనానిని జనం మూసారాముడు అన్నారు, ఆ పేరుతోనే మూసారాంబాగ్ ఉందని చెప్పుకుంటారు. రెండు వందల ఏళ్ల కిందట మన చెవి ఫ్రెంచిని ఎలా పట్టుకుందో నేనూ అలాగే పట్టుకుంటున్నాను. "పర్ల్" అన్నాక నాలుక పైన ఆనించి, అక్కడే ఆపి, ఊపిరి వదిలెయ్యమన్నారు ఆవిడ. అద్దం ముందు వారం రోజులు అదే పని.

ఇంతలో మా మెట్ల మీద ఇంకో చిక్కు ఎదురైంది. కింది అంతస్తులో ఉండే ఎనభై దాటిన మదామ్ తులూజ్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ నోట "పర్ల్" రెండు ముక్కలు, "పర్-లె". ఇక్కడ వెన్నతో చేసిన పొరల రొట్టెలో చాక్లెట్ పెట్టి అమ్మేదాన్ని షోకోలాటీన్ అంటారు. మా టీచరు నోట అది నాలుగు ముక్కలు. మదామ్ నోట ఐదు, "షో-కో-లా-టీ-నె". చివర ఒక చిన్న అచ్చు మెత్తగా వాలుతుంది. మరి నేను "పర్లు" అంటే తప్పెందుకయిందని మా టీచర్ని కొంచెం ఉక్రోషంగానే అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. ఈ దక్షిణాది నేల అంతా ఒకప్పుడు ఆక్సితాన్ భాష మాట్లాడింది. ఇప్పటికీ తులూజ్ మెట్రోలో స్టేషన్ల పేర్లు ఫ్రెంచిలోనూ ఆక్సితాన్‌లోనూ చెబుతారు. ఆ భాషలో మాట చివరి అచ్చులు పలుకుతాయి. ఆ అలవాటు ఇక్కడి ఫ్రెంచిలోకి దిగింది. ఉత్తరాదిలో రాలిపోయిన 'ఇ' ఇక్కడ బతికే ఉంది. కాబట్టి మదామ్‌ది తప్పు కాదు, ఆవిడ యాస. నాది మాత్రం తప్పే, ఎందుకంటే నేను 'ఇ' లేని చోట కూడా అచ్చు తగిలిస్తున్నాను, అదీ మన 'ఉ'.

ఆ మాటతో మనసు తేలికపడింది. మదామ్ మాట్లాడుతుంటే ఇంకా శ్రద్ధగా వినడం మొదలుపెట్టాను. ఏ క్రియ చివర ఏ అక్షరం దాక్కుని ఉందో ఆవిడ యాసలో కొంత బయటపడేది.

మా నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితులు. చిన్నప్పుడు రాత్రి భోజనాలయ్యాక మాచేత పద్యాలకు గణాలు కట్టించేవారు. ఆదివారం ఫోన్లో ఈ చప్పట్ల సంగతి చెప్పాను. ముక్క ఎక్కడ తెగుతుందో చెప్పే సూత్రం ఏమిటని అడిగారు. టీచరు చెప్పినట్టే అప్పజెప్పాను. రెండు అచ్చుల మధ్య ఒక్క హల్లుంటే అది తరవాతి అచ్చుతో వెళ్తుంది. రెండు హల్లులుంటే చెరోవైపు పోతాయి, "పర్-లే"లో లాగ. రెండోది 'ల' గానీ 'ర' గానీ అయి, ముందున్నది 'వ', 'ప', 'త', 'ద' లాంటిదయితే రెండూ కలిసే తరవాతి ముక్కలోకి పోతాయి. 'తెరవడం' అనే క్రియ "ఊ-వ్రీర్".

"మరి 'పుత్రుడు'లో 'పు' గురువవుతుంది కదమ్మా, వాళ్లకు అవదా?" అన్నారు నాన్న.

అవదు. 'త్ర' రాతలో మనకూ తరవాతి అక్షరమే అయినా, మన ఛందస్సులో దాని బరువు ముందు అక్షరం మీద పడుతుంది. ఫ్రెంచిలో "వ్ర" వెళ్లిపోతే ముందు ముక్క తలుపు తెరిచిన గదిలా అచ్చుతోనే ఉండిపోతుంది.

ఈ తెరిచిన ముక్క, మూసిన ముక్క అన్న తేడా తెలిశాకే నన్ను ఆరు నెలలు ఏడిపించిన ఇంకో విషయం విడిపోయింది. 'పిలవడం' అనే క్రియలో అసలు రూపానికి ఒక్క 'ఎల్', 'నేను పిలుస్తాను' అన్నప్పుడు రెండు 'ఎల్'లు, 'మేము' అన్నప్పుడు మళ్లీ ఒక్కటి. 'కొనడం' అనే క్రియలోనేమో రెట్టింపు ఉండదు, దాని బదులు 'ఇ' మీద వాలుగీత వస్తుంది. ఎందుకో ఏ పట్టికలోనూ లేదు, గుర్తు పెట్టుకోవడమే అనుకున్నాను. చెవితో చూస్తే కారణం కనిపిస్తుంది. "అ-పె-లే" అన్నప్పుడు నడిమి అచ్చు తెరిచిన ముక్కలో ఉంది, బలహీనంగా ఉంది, తొందరలో మాట్లాడితే "అప్-లే" అని రాలిపోతుంది కూడా. "జ-పెల్" అన్నప్పుడు చివరి 'ఇ' పలకదు కాబట్టి 'ల్' వెనక్కి వచ్చి ముక్కను మూసేసింది. మూసిన ఆఖరి ముక్కలో బలహీనమైన అచ్చు నిలవదు, నోరు విచ్చి 'ఎ' అనాలి. ఆ సంగతి కంటికి చెప్పడానికే ఒక క్రియలో 'ఎల్' రెట్టించారు, ఇంకో క్రియలో వాలుగీత పెట్టారు. 1990లో వర్ణక్రమం సవరించినప్పుడు ఇలాంటి చాలా క్రియలకు వాలుగీత సరిపోతుందన్నారు. 'పిలవడం', 'విసరడం' అనే రెండింటినీ వాటి కుటుంబాలనూ మాత్రం రెట్టింపుతోనే ఉంచారు.

రెట్టింపు రాశారు కదా అని "అప్పెల్లె" అనకూడదు. ఫ్రెంచి నేర్చుకునే ప్రతివాళ్లూ మొట్టమొదట చెప్పే 'నా పేరు ఫలానా' వాక్యంలోనే ఈ క్రియ ఉంది. దాన్ని నేను ఎంతమంది ముందు "జె మప్పెల్లె" అని ఒత్తి పలికానో! మనకు ద్విత్వం అంటే నిజంగా ఆగి పలకాలి, 'కల' వేరు 'కల్ల' వేరు. వాళ్లకు రెండు హల్లులు సాధారణంగా కంటికే. పుస్తకంలో పంక్తి చివర మాట విరగాల్సి వస్తే ఆ రెండు హల్లుల మధ్యే గీత పెడతారు. ఆ గీతను చూసి ముక్క అక్కడే తెగుతుందనుకున్నాను. ఆ విరుపు అచ్చువేసేవాళ్లది, పలికేవాళ్లది కాదు.

ఒక్క చోట మాత్రం మన ద్విత్వం బంగారంలా పనికొచ్చింది. 'పరిగెత్తడం', 'చనిపోవడం' క్రియల్లో 'పరిగెత్తేవాడు' అన్న గతకాల రూపానికీ 'పరిగెత్తేవాడేమో' అన్న షరతు రూపానికీ తేడా ఒక్క 'ర'. మొదటిది "కూ-రె", రెండోది "కూర్-రె". అక్కడ 'ర'ను నిజంగానే ఆపి పలకాలి. మా తరగతిలో మిగతావాళ్లు తడబడుతుంటే నాకు మొదటిసారే వచ్చింది.

ఇక ఏకవచనం, బహువచనం. 'మాట్లాడు' లాంటి క్రియల్లో తేడా వినబడదు, చుట్టూ ఉన్న మాటలను బట్టి పోల్చుకోవాలి. కానీ 'నిద్రపోవడం', 'పెట్టడం', 'అమ్మడం', 'తెలియడం' లాంటి వాటిలో వినబడుతుంది, అదీ మనం ఊహించని చోట. అతను నిద్రపోతాడు "ఇల్ దోర్", వాళ్లు నిద్రపోతారు "ఇల్ దోర్మ్". అతను పెడతాడు "ఇల్ మె", వాళ్లు పెడతారు "ఇల్ మెట్". అతను అమ్ముతాడు "ఇల్ వాఁ", వాళ్లు అమ్ముతారు "ఇల్ వాఁద్". బహువచనపు 'ఇ-ఎన్-టి' తాను పలకదు కానీ తన ముందున్న హల్లును పలికిస్తుంది. అందుకే నేను పట్టికను తలకిందులు చేసుకున్నాను. ముందు 'వాళ్లు' రూపం నేర్చుకుని, దాని చివరి హల్లు కోసేస్తే 'అతను' రూపం చాలాసార్లు దానంతటదే వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. అయితే 'ఇ-ఎన్-టి' ఎప్పుడూ మూగదే అనుకుంటే ఇంకో గోతిలో పడతారు. 'అతను వస్తాడు' అన్నదాని చివర కూడా అవే మూడక్షరాలు. అక్కడ ముక్కు అచ్చు పలుకుతుంది, "ఇల్ వ్యాఁ". అవి బహువచనపు ప్రత్యయం కాదు, క్రియలోని భాగం.

భవిష్యత్తు రూపాలు సగం రోజులో వచ్చేశాయి. ఒక్క సంగతి చెబుతాను. ఒకే పట్టికలో పక్కపక్కనే ఉన్నా 'ఇస్తాను' రెండు ముక్కలు, "దొన్-రే". 'మాట్లాడతాను' మూడు, "పర్-లె-రే". మధ్యలో 'ఇ' రాలిపోతే మూడు హల్లులు ఒకచోట చేరేట్టుంటే అది రాలదు. మొరీస్ గ్రామోఁ అనే భాషావేత్త పేరుతో దీన్ని మూడు హల్లుల సూత్రం అంటారు. మన నోటికి కూడా మూడు హల్లులంటే భయమే కాబట్టి ఈ సూత్రం నాకు ఇష్టం. అలాగే గతకాలంలో 'మేము మాట్లాడేవాళ్లం' "పర్-ల్యోఁ" రెండు ముక్కలే అయినా, 'మేము కోరుకుంటాం' అని మర్యాదగా అడిగే రూపం "వూ-ద్రి-యోఁ" మూడు. 'ద్ర్' తరవాత 'య'ను కూడా ఇరికించలేక నోరు ఇంకో ముక్క తీసుకుంటుంది.

ఇవన్నీ మాట లోపలి సంగతులు. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టినవి మాటకూ మాటకూ మధ్య ఉన్నవి.

మా పిల్లలను బళ్లో దింపుతూ ఒకరోజు అక్కడి ఆయాతో "వాళ్లకు ఆకలేస్తోంది" అని చెప్పబోయాను. ఫ్రెంచిలో 'వాళ్లకు ఆకలి ఉంది' అంటారు, "ఇల్-జోఁ ఫ్యాఁ". నేను "ఇల్-సోఁ ఫ్యాఁ" అన్నాను. 'జోఁ' అంటే 'కలిగి ఉన్నారు', 'సోఁ' అంటే 'అయి ఉన్నారు'. ఆవిడ విన్నది 'వాళ్లు సన్నగా ఉన్నారు' అని. పిల్లలను పైనుంచి కిందికి చూసి, బాగానే తింటున్నారని నాకు ధైర్యం చెప్పింది. పిల్లలు పాపం పొద్దున పాలు కూడా తాగలేదు. ఆ రోజంతా నాకు ఆ మాటే నలిగింది. మన 'జ'తో కూడా చిక్కుంది. 'జడ', 'జాము' అనేటప్పుడు వచ్చే ౙకారంలో నాలుక పళ్ల వెనక ఒక్క క్షణం తగిలి విడుతుంది. వాళ్లది తగలదు, 'స' అంటూనే గొంతు మోగించాలి. గొంతు మీద వేలు పెట్టుకుని మోగుతోందో లేదో చూసుకుంటూ సాధన చేశాను.

ఆ 'జ' ఎక్కడిది? 'వాళ్లు' అనే సర్వనామం చివర 'ఎస్' ఉంది. ఒంటరిగా ఉన్నా, తరవాత హల్లు వచ్చినా అది పలకదు. తరవాత అచ్చు వస్తే లేచి కూర్చుని ఆ అచ్చులోకి దూకుతుంది. ఇది చెప్పగానే నాన్న ఫోన్లోనే ఉత్సాహంగా, "ద్రుతమే కదమ్మా అది!" అన్నారు. 'వచ్చెన్' అన్న క్రియలో చివరి నకారం ఒకచోట ఉండీ లేనట్టుంటుంది, 'అతడు' వస్తే 'వచ్చెనతడు' అని అచ్చును పట్టుకుంటుంది. చిన్నప్పుడు బట్టీ పట్టిన సూత్రం అంత దూరంలో నాకు పనికొస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

ఇంకో వారం ప్రశ్న వేసే పద్ధతి నేర్పారు. అందులో సర్వనామం క్రియ వెనక్కి వస్తుంది. 'వాళ్లు మాట్లాడతారా?' అంటే "పర్-లె-తిల్". అన్నాళ్లూ మూగగా ఉన్న 'ఇ-ఎన్-టి'లోని 'టి' అచ్చు తగలగానే పలికింది. 'అతను మాట్లాడతాడా?' అన్నా "పర్-లె-తిల్" అనే. కానీ అక్కడ క్రియకు 'టి' లేదు, రెండు అచ్చుల మధ్య కొత్తగా ఒక 'టి' తెచ్చి పెడతారు. నాన్నకు చెబితే ఈసారి క్షణం కూడా ఆలోచించలేదు. "చిగురు, ఆకు. చిగురుటాకు. టుగాగమం." రెండు భాషలకూ చుట్టరికం ఉందని నేను అనను. రెండు అచ్చుల మధ్య నోటికి ఊతం కావాల్సి వస్తే రెండు జాతులూ ఒకే హల్లును పిలిచాయన్నది మాత్రం నన్ను ఇప్పటికీ సంతోషపెడుతుంది.

వాళ్ల పద్యం సంగతి కూడా నాన్నే అడిగించారు. వాళ్ల ఛందస్సుల్లో బాగా పేరున్నదానిలో పాదానికి 12 ముక్కలు. అక్కడ మామూలు మాటల్లో రాలిపోయే 'ఇ' కూడా తరవాత హల్లుంటే లెక్కలోకి వస్తుంది. 'వాళ్లు మాట్లాడతారు'లోని క్రియ పద్యం మధ్యలో రెండు ముక్కలు. అంటే పద్యం లెక్కకూ కింది అంతస్తు మదామ్ యాసకూ పొత్తు కుదురుతుంది. ఈ సంగతి చెబితే మదామ్ చాలా గర్వపడ్డారు. చిన్నప్పుడు యాసకు బళ్లో ఆవిణ్ణి వెక్కిరించేవారట.

2021లో, ఫ్రెంచి ఎంత వచ్చో తేల్చే డెల్ఫ్ అనే పరీక్ష బి1 స్థాయిలో రాశాను. నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25 మార్కులు, మొత్తం 50 వస్తే పాసు, ఏ ఒక్కదానిలోనూ 5కు తగ్గకూడదు. మాట్లాడే భాగంలో చివరి అంశానికి పది నిమిషాలు తయారవనిస్తారు. ఆ పది నిమిషాల్లో నేను వాక్యాలు రాసుకోలేదు. చెప్పాలనుకున్న క్రియలు మాత్రం రాసుకుని, కింద పెన్సిలుతో ముక్కముక్కకూ విల్లు గీసుకున్నాను, మూగ అక్షరాలను కొట్టేశాను. లోపలికి వెళ్లాక ఆ విల్లులే చదివాను. మాట్లాడే భాగంలో 21 వచ్చాయి, మిగతా మూడింటికన్నా అదే ఎక్కువ.

ఆ తరవాతి ఆదివారం నాన్న తెల్ల కాగితం మీద రాసి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. నేను ఫోన్లో చెప్పిన వాక్యాలనే తెలుగు లిపిలో రాసి పైన గురులఘువులు గుర్తించారు. 'అతను ప్రేమిస్తాడు', "ఇ-లెమ్", లఘువు, గురువు. 'వాళ్లు ప్రేమిస్తారు', "ఇల్-జెమ్", గురువు, గురువు. క్రియ రెండుచోట్లా ఒకేలా పలుకుతుంది, ముక్కలు రెండే, కానీ సర్వనామంలోని 'ల్' ఒకచోట ముందుకు జారిపోయింది, ఇంకోచోట వెనకే ఉండి తలుపు మూసింది. దాని కింద 'ఆవిడ వస్తుంది', "ఎ-ల-రీవ్". 'ఆడవాళ్లు వస్తారు', "ఎల్-జ-రీవ్". మొదటిదాని పక్కన సగణం అనీ, రెండోదాని పక్కన రగణం అనీ రాసి, అడుగున "సరి చూసి చెప్పు" అని సంతకం పెట్టారు. చప్పట్లు కొట్టి చూశాను. సరిపోయింది.